కింద తాడు దగ్గర

చిట్యాల,
ఫిబ్రవరి 19, 2023.

బీరప్ప మామకు,

నాగేందర్ రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఆ కొస నుంచి "ఆ? ఆ?" అనడం, నేను ఈ కొస నుంచి గొంతు చించుకోవడం, పక్కవాళ్లు నవ్వడం. అందుకే కాగితం. రేకులు కోసే మిషన్ మోత నీ చెవులు తినేసింది గానీ కళ్లు బాగానే ఉన్నాయి కదా. చదువు.

నన్ను సూపర్‌వైజర్ని చేశారు. ఇంకా పక్కా కాదు. హైవే పక్కన పెద్ద గోదాము, నలభై అడుగుల ఎత్తు. మృగశిర లోపల పైకప్పు రేకులన్నీ పడితే నౌకరీ నాది. పడకపోతే మళ్లీ స్క్రూలు బిగించే మనిషినే. ఇరవై ఆరేళ్లకు ఇంకొకడి కేకలు వినడం చాలయింది మామా, నేను ఈ నౌకరీ వదలను.

దీనికోసం కంపెనీ మూడు రోజులు హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పించింది. 'నాయకత్వ లక్షణాలు' అని బోర్డు, ఏసీ గది, మినరల్ వాటర్. చెప్పిన సారు ఎన్నడూ నిచ్చెన ఎక్కలేదు. మెడ వెనక తోలు చూస్తేనే తెలిసిపోయింది. మమ్మల్ని గుంపులు చేసి కాగితం గ్లాసులతో గోపురం కట్టమన్నాడు. ఎవరిది ఎత్తయితే వాళ్లకు చప్పట్లు. మాది ఏసీ గాలికి కూలిపోయింది. గాలి ఎటు నుంచి వస్తుందో చూడకుండా ఎట్లా కట్టమంటారని అడిగాను. గాలి ఆటలో లేదన్నాడు. గాలి ఆటలో లేదట మామా! 

ఒక్క మాట మాత్రం పనికొచ్చేది చెప్పాడు. ఎవరు ఏ పని చేయాలో రాసి గోడకు అంటించాలట. రాసి ఉంటే వాదన ఉండదట.

గుంపు నీదే, ఆ తొమ్మిది మందే. నువ్వు పని మానేశాక అందరం ఈ కంపెనీలో చేరాం కదా. నేను దగ్గరికి పోతే మాటలు ఆపేస్తున్నారు. మొన్నటిదాకా నా గ్లాసులో సగం ఛాయ్ తాగిన రాకేష్ నన్ను 'సార్' అంటున్నాడు. మర్యాద కాదు, ఎక్కిరింత.

ఇంకొకటి. రోజూ పొద్దున ఎవడో ఒకడు బెల్టు కట్టుకోకుండా వెళ్లి తాడు పట్టుకుంటాడు. అదే, రేకు పైకి పోయేటప్పుడు గాలికి ఊగకుండా కింద నుంచి ఆపే తాడు. నిక్షేపంలాంటి పనివాడు పిల్లాడు చేసే పని చేస్తూ దినం గడుపుతాడు. నీ దగ్గర పనిచేసిన నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా దాన్ని ముట్టలేదు. నువ్వు ఏమీ అనేవాడివి కాదు. ఎందుకు?

నువ్వు అరిచేవాడివి కూడా కాదు. అయినా వినేవాళ్లు. ఎట్లాగో రాయి.

నాగేందర్


అమ్రాబాద్,
మార్చి 6.

అల్లుడు నాగేందర్‌కు మామ బీరప్ప రాసేది.

నాకు పుస్తకాల తెలుగు రాదు. మాట్లాడినట్టే రాస్త, తప్పులు పట్టకు.

నువ్వు పెద్దోనివైనవని మీ అత్తకు సదివి చెప్పిన. సంబురపడ్డది. నాగ్గూడ ఈడ ఒక సూపర్‌వైజర్ ఉన్నడు, ఫారెస్టాయిన. నేను కాసే గొర్లు వాగు దాటొద్దంటడు, అవుతల పులి తిరుగుతాందట. గొర్లకేమో గడ్డి అవుతల్నే ఉన్నది. లిస్టు రాసి చెట్టుకు అంటిస్తె సదువుకుంటయేమో చూడాలె.

నువ్వు అడిగినదానికి జవాబు. లిస్టు పెడితే పెట్టుకో. తాడు మాత్రం అండ్ల రాయకు. పొద్దుగాల ఛాయ్ తాగేటప్పుడు బెల్టులు, తాడు ఒక్క జాగల కుప్ప పెట్టు. పెట్టి అటు మొకం తిప్పుకొని నిలబడు. ఎవలు తాడు ముట్టుకుంటే వాళ్లు ఆ దినం కిందనే. ఎందుకని అడగొద్దు. పక్కోడు అడిగినా ఊకోవద్దు. ఒకసారి సురేందర్ అనేటోడు ఇంకోన్ని అడిగి నవ్విండని వాన్ని పనిలకెల్లి తీసేసిన, నువ్వు రాకముందు.

ఎందుకంటే నేను చెప్పను. గది చెప్పేది కాదు.

జర పైలం. ఎండలు ముదురుతున్నయి, రేకు మీద నీళ్లు సల్లి ఎక్కుండ్రి.

బీరప్ప


చిట్యాల,
మార్చి 28.

మామా,

ఎందుకని అడగొద్దు, చెప్పేది కాదు. ఇదేనా జవాబు? నిన్ను అడిగింది సూపర్‌వైజర్. నువ్వు జవాబిచ్చింది చిన్న పిల్లగాడికి. నాయిన చనిపోయాక నన్ను పనిలోకి తీసుకుపోయిన రోజు కూడా ఇట్లాగే, 'నేనెట్ల చేస్తె అట్ల చెయ్యి' అన్నావు, అంతే. స్క్రూ ఎట్లా వంకర పోకుండా దించాలో నేను కింద రేకు ముక్క మీద నీ చేతులు చూసి నేర్చుకున్నాను. నీ నోటి నుంచి కాదు.

లిస్టు పెట్టాను. తాడు కూడా రాశాను. తాడు పని బక్కోళ్లకు, కొత్తోళ్లకు. పనితనం ఉన్నవాళ్లు పైకి. ఇందులో తప్పేముంది? వారంలో ఏడు వరుసల రేకులు పడ్డాయి. ఇదివరకు నాలుగు దాటలేదు. సైటు మేనేజర్ సురేశ్ సారు నా భుజం తట్టాడు.

మైసయ్య ఒక్కడే మొండికేశాడు. గుంపులో అందరికంటే పాతవాడు, అంచు రేకు ఆయన వేసినట్టు ఇంకెవరూ వేయలేరు. లిస్టులో ఆయన్ని అంచుకే రాశాను. పొద్దున చూస్తే తాడు పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు మళ్లీ. మూడోరోజు మళ్లీ. మూడోరోజు వెళ్లి ఆయన చేతిలోంచి తాడు లాగేసుకున్నాను. అందరి ముందే.

"కాకా, లిస్టు సదువుకో. సదువు రాకపోతే నేను సదివి చెప్త."

రాకేష్ కిసుక్కుమన్నాడు. మైసయ్య బెల్టు కట్టుకుని ఎక్కాడు. ఆ రోజు నుంచి ఎవరూ లిస్టు దాటలేదు.

నీ పద్ధతి నీది మామా. నాది నాది. కోపంతో రాయడం లేదు. సరే, కోపంతోనే రాస్తున్నాను.

నాగేందర్


చిట్యాల,
ఏప్రిల్ 20.

మామా,

ఎండలు మండిపోతున్నాయి. మధ్యాహ్నం దుమారం లేస్తోంది, పని జరగడం లేదు. అత్తను అడిగినట్టు చెప్పు. మైసయ్యకు కాలికి కొంచెం దెబ్బ తగిలింది. నల్లగొండ దవాఖానలో ఉన్నాడు. కంగారు పడాల్సింది లేదు. వీలున్నప్పుడు రాస్తాను.

నాగేందర్


అమ్రాబాద్,
ఏప్రిల్ 29.

నాగేందర్,

కొంచెం దెబ్బనా?

మైసయ్య పెండ్లాం నిర్మలమ్మ తమ్ముడు మొన్న అచ్చంపేట అంగట్ల కలిసిండు. అక్కకు బట్టలు తీసుకపోతున్నడు. తొడబొక్క రెండు ముక్కలైందని చెప్పిండు. పన్నెండు అడుగుల కింద పరంజా కట్టి లేకపోతె మైసయ్య ఇయ్యాల లేడన్నడు. తాడు గుంజుకున్న సంగతి కూడ చెప్పిండు. నీ కాగితంల అది సదివినప్పుడే నేను బస్సెక్కవలసింది. ఎక్కలే. గది నా తప్పు.

ఇగ ఇను. ఈ కాగితం మీ అత్తకు సూపియ్యలే.

నేను పని ఇడిసింది చెవుల కోసం కాదు. చెవులు పోయినయి నిజమే. చెవిటోడు రేకుల పని చెయ్యొద్దా? చేస్తడు. మిర్యాలగూడల ఒక రైసుమిల్లు షెడ్డు కప్పుతున్నం. నువ్వు పనిల చేరే ముందటేడు. ఏం కాలే ఆ దినం. ఎవ్వలు పడలే, గాలి లేదు, రేకు జారలే. పొద్దుగాల నిచ్చెన సగం ఎక్కినంక నా కాళ్లు ఇగ నాయి కావన్నట్టైనయి. కిందికి చూడలే, అయినా గట్లైంది. ఇరవై రెండేండ్లు కోతిలెక్క ఎక్కినోన్ని. మెల్లగ దిగొచ్చి, తాడు ముడి సక్కగ లేదురా అని తాడు పట్టుకున్న. పొద్దుగూకేదాక ఇడువలే.

మర్నాడు పోతదనుకున్న. పోలే. ఒక్కన్నే రోజూ తాడు పట్టుకుంటె అందరికీ తెలిసిపోతదని భయం. అందుకనే తాడు తెచ్చి బెల్టుల పక్కన కుప్పల పెట్టిన. ఎవలన్న ముట్టుకుంటరు, నేను ఒక్కన్ని కాకుంట అయితనని. మీ మీద దయతోని కాదురా. నా కోసం పెట్టిన.

ముట్టుకున్నరు. ఒకనాడు ఒకడు, ఇంకోనాడు ఇంకోడు. ఇంట్ల లొల్లైనోడు, పానం బాగలేనోడు, ఉత్తగనే గుండె దడదడమనేటోడు. మైసయ్య నెలకొకసారి. రేకుల మీద నడిసేటోనికి ఎవలికైనా ఒకనాడు అయితదని నాకు అప్పుడు తెలిసింది. నీకు ఇంక కాలే. అయితది.

నువ్వు నా దగ్గర చేసిన నాలుగేండ్లు నేను పైకి ఎక్కలే. నువ్వు ఎన్నడన్న చూసినవా? మేస్త్రీ కింద నిలబడి పని చూసుకుంటుండనుకున్నవు.

నీకు చెప్పకపోతిని. చెప్తె నన్ను చిన్నగ చూస్తవని.

బీరప్ప


చిట్యాల,
మే 4.

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ చింపేద్దామనిపించింది.

ఒక్క మాట. ఫిబ్రవరిలో నువ్వు ఒక్క మాట రాసి ఉంటే మైసయ్య కాలు విరిగేది కాదు. 'భయమైనోడు తాడు పట్టుకుంటడు' అని రాయడానికి ఎంత కాగితం పడుతుంది? నీ మర్యాద కాపాడుకున్నావు. నేను ఆయన తొడ విరగ్గొట్టాను. ఇద్దరం కలిసి చేశాం ఈ పని.

ఇట్లా రాస్తున్నాను గానీ తాడు గుంజింది నువ్వు కాదు. నేను దాచింది కూడా ఇప్పుడు రాస్తాను.

పడిన రోజు మైసయ్య తాడు ముట్టలేదు. దాని వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను వేలితో లిస్టు చూపించాను. అంతే జరిగింది. ఎక్కాడు. పైన బెల్టు కొక్కెం పడకుండా కట్టిన ఒక తాడు నుంచి ఇంకో తాడుకు మార్చుకోవాలి, నీకు తెలుసు, రెండు క్షణాల పని. ఆయన చేతులు వణుకుతున్నాయి. పది అడుగుల దూరం నుంచి చూశాను. చూసి ఏమన్నానో తెలుసా? "జల్దీ కానియ్ కాకా." కొక్కెం ఇంకా తగిలించలేదు. అంచు మీంచి పోయాడు.

ఇప్పుడు సురేశ్ సారు ఒక కాగితం తెచ్చాడు. కొక్కెం తగిలించుకోవాలన్న ఆదేశాన్ని మైసయ్య పాటించలేదు, సూపర్‌వైజర్ తప్పు లేదు అని టైపు చేసి ఉంది. సంతకం పెడితే కంపెనీ మైసయ్యతో సంబంధం లేదని చేతులు దులుపుకుంటుంది. నౌకరీ నాకు పక్కా అవుతుంది. "అబద్ధం ఏముంది నాగేందర్ ఇండ్ల? కొక్కెం లేకుండె గదా?" అన్నాడు. నిజమే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నాకు మంట.

పెట్టనన్నాను. అయితే నువ్వే రాసి తీసుకురా, ఇరవై రోజుల్లో పెద్దాఫీసుకు పోవాలన్నాడు.

ఇంకొక విషయం. నిన్న నిచ్చెన మీద నా చేతులు చెమర్చాయి. తుడుచుకుని ఎక్కాను. కింద రాకేష్ నన్నే చూస్తున్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు. అరిస్తే బాగుండు.

నాగేందర్


అమ్రాబాద్,
మే 10.

అల్లుడా,

తిట్టినవు. తిట్టు.

కాగితంల నా పేరు కూడ రాయి. పాత మేస్త్రీ నేర్పియ్యలే అని. దస్కతు కావాలంటె వచ్చి పెడత.

బీరప్ప


నల్లగొండ,
మే 23.

మామా,

దవాఖాన బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఈ వారం జరిగినదంతా వరసగా చెప్తాను.

కాగితం రాశాను. రెండు పేజీలు. నీ పేరు లేదు. అది నా కాగితం, నీ సంగతి నీదే. మొత్తం నిజం రాశాను అనుకున్నాను. పెద్దాఫీసుకు ఇచ్చేముందు మైసయ్యకు చదివి వినిపిద్దామని ఇక్కడికి వచ్చాను. నాలుగు రోజుల కిందటి మాట. నిర్మలమ్మ ఆయనకు అన్నం తినిపిస్తోంది. కాలు పైకి కట్టి, ఇటుకలు వేలాడదీసినట్టు బరువులు కట్టారు. నన్ను చూసి నిర్మలమ్మ లేవలేదు. కూర్చోమని కూడా అనలేదు.

నిలబడే చదివాను. 'మైసయ్య భయపడుతున్నాడని అతని చేతులు చూస్తే తెలుస్తోంది. అయినా నేను పైకి పంపాను' అన్న దగ్గరికి వచ్చాను. మైసయ్య నిర్మలమ్మ చెయ్యి పక్కకు నెట్టాడు.

"నాకు భయమైందని నీకు ఎవడు చెప్పిండురా?"

నేను చూశాను కాకా అన్నాను.

"నువ్వు చూసినవు. కంపెనీకి రాసిస్తవు. రేపు నా అల్లుని చేతుల పడతది. ఇరవై ఏండ్లు రేకుల మీద నడిసిన్రా నేను. నా కాలు ఇరగ్గొట్టినవు సాలలే, ఇప్పుడు మొకం గూడ తీసుకుంటవా? నన్ను పాపమనిపిచ్చి నువ్వు మంచోనివి అయితున్నవు."

వార్డులో అందరూ ఇటే తిరిగారు. నిర్మలమ్మ నా వైపు చూడకుండానే, "ఆయినె తినేదాక అవుతల ఉండు" అంది.

బయటికి వచ్చాను. చిట్యాల బస్సు వెళ్లిపోయింది, ఇంకోటి వెళ్లిపోయింది. నేను గోడ పక్కన నడుస్తూనే ఉన్నాను, అటూ ఇటూ. నాకు ముందు కోపం వచ్చింది. నౌకరీ పోగొట్టుకుని నిజం రాస్తే ఇదా! తర్వాత అర్థమైంది. నువ్వు మొకం తిప్పుకుని నిలబడేవాడివి. నేను ఆయన మొకం ముందు టార్చిలైటు పెట్టాను. మొదటిసారి లిస్టుతో, రెండోసారి నిజంతో.

రెండు పేజీలు చింపేశాను. బస్టాండులో కొత్త కాగితం కొన్నాను. నాలుగే వాక్యాలు. అప్పుడే తిరిగి వెళ్లి చదివాను, ఈసారి నన్ను ఎవరూ ఆపలేదు.

'మా గుంపులో ఎవరైనా పొద్దున కింద పని ఎంచుకోవచ్చు, కారణం చెప్పనవసరం లేదు. మైసయ్య మూడుసార్లు కింద పని ఎంచుకున్నాడు. ఆ పద్ధతిని తీసేసి, ఆయన్ని అంచుకు పంపింది, తొందర పెట్టింది నేను. తప్పు నాది.'

మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"ఎంచుకున్నడు అన్నది మంచిగుంది. ఉంచు," అన్నాడు. గోడ వైపు తల తిప్పుకున్నాడు. నన్ను క్షమించాడని రాయలేను. అట్లాంటిదేమీ కాదు. నిర్మలమ్మ మాత్రం గిన్నె కడగడానికి పోతూ, "బస్సుకు లేటయితది, పో," అంది.

మర్నాడు సురేశ్ సారు అది చదివి, మడిచి, నీకు నౌకరీ ఇష్టం లేనట్టుందన్నాడు. ఇష్టమే అన్నాను. మొన్న రాకేష్‌ని సూపర్‌వైజర్ని చేశారు. నేను అదే షెడ్డులో అంచు రేకు వేస్తూ స్క్రూలు బిగిస్తున్నాను. మైసయ్య దవాఖాన సంగతి కంపెనీ చూసుకోవాలని పెద్దాఫీసు నుంచి మాట వచ్చింది. ఇవాళ ఆయన్ని ఊరికి పంపిస్తున్నారు, జీపు ఎక్కించడానికే వచ్చాను. నలుగురం పట్టుకుని ఎక్కించాం. నా వైపు కాలు ఉంది, అరవకుండా ఓర్చుకున్నాడు.

రాకేష్‌ని వచ్చే నెల హైదరాబాద్ శిక్షణకు పంపుతారట. నిన్న నా దగ్గరికి వచ్చి 'అన్నా, ఆడ ఏం చెప్తరు' అని అడిగాడు. గ్లాసుల గోపురం సంగతి చెప్పాను. తాడు కుప్పలో పెట్టే సంగతి కూడా చెప్పాను. ఎందుకని కూడా చెప్పాను మామా, నీ పేరు తీయకుండా. చెప్పకుండా వదిలితే ఏమవుతుందో మన ఇద్దరికీ తెలుసు. వాడు 'నాగ్గూడ అయింది, రెండుసార్లు' అన్నాడు. ఇరవై మూడేళ్లవాడు. ఆ రోజు కిసుక్కుమన్నది వాడే.

షెడ్డు ఇంకా ఐదు వరుసలు మిగిలింది. మృగశిరకు అయ్యేట్టు లేదు. నాకు రాత్రిళ్లు నిద్ర సరిగా లేదు. పగలు కాళ్లు ఒకచోట నిలవవు. మైసయ్య ఊరు నీకు దగ్గరే. నువ్వు వెళ్లి చూస్తావని అడగను. చెప్తున్నాను, అంతే.

నాగేందర్


అమ్రాబాద్,
జూన్ 4.

అల్లుడు నాగేందర్‌కు,

గొర్లను మీ అత్తకు అప్పజెప్పి మైసయ్య ఇంటికి పోయొచ్చిన. మనిషి బక్కగైండు, నోరు మాత్రం బక్కగ కాలే. కర్ర పట్టుకొని నాలుగడుగులు ఏస్తుండు. రేకులు ఎట్ల పడుతున్నయని అడిగిండు, అంచు ఎవలేస్తుండ్రని అడిగిండు. నువ్వని చెప్పిన. వంకర పోతదన్నడు. నిన్ను తిట్టలే, మెచ్చుకోలే.

నేను పోయింది వేరే పనికి. సగం దారిల వాపసు పోదామనిపిచ్చింది. పోలే. నిర్మలమ్మ వాకిట్ల ఉన్నప్పుడు మంచం మీద కూసొని చెప్పిన. మిర్యాలగూడ నిచ్చెన సంగతి, కాళ్లు నాయి కాకుంట అయిన సంగతి, తాడు కుప్పల ఎందుకు పెట్టిన్నో, అంత. నేల దిక్కు చూసుకుంట చెప్పిన. చెప్పి తల ఎత్తితె ఆయిన నవ్వుతుండు. నవ్వితె కాలు నొచ్చి మూలుగుతుండు, మూలుక్కుంట మళ్ల నవ్వుతుండు. నిర్మలమ్మ ఏమైందోనని ఉరికొచ్చింది.

నా చెవిల నోరు పెట్టి అరిచిండు. వాడకట్టంత ఇని ఉంటది.

"మేస్త్రీ, నీకు భయమని మాకు రెండో దినమే తెలిసింది."

తొమ్మిది మందికీ తెలుసట. రాత్రి వంట కాడ మాట్లాడుకునేటోళ్లట. నేను కింద నిలబడి పైకి చూస్తుంటె, రేకు మంచిగ పడ్డదా మేస్త్రీ అని ఊకె అడిగేటోళ్లు, నేను పెద్ద పనిమంతునోలె తల ఊపేటోన్ని.

మరి గిన్నేండ్లు ఒక్కడన్న నాతోని అనలేదేందిరా అన్న.

"మేం అంటె నువ్వు రోషానికి పైకి ఎక్కేటోనివి," అన్నడు.

బీరప్ప